పదహారేళ్ల పిల్లల చేతికి బండి తాళం ఇస్తున్నారా? చట్టం ఏం చెబుతోంది, లైసెన్స్‌కు ముందు ఏం నేర్పించాలి?

పదో తరగతి పాసైతే సెల్‌ఫోన్, ఇంటర్‌లో చేరితే బైక్. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి పట్టణాల్లో చాలా ఇళ్లలో ఇది మామూలు మాట. కాలేజీ దూరం. బస్సు వేళకు రాదు. నాన్నకు షాపు వదిలి వచ్చే తీరిక ఉండదు. ‘‘వాడికి బండి బాగానే వచ్చులే’’ అనుకోగానే తాళం చేతులు మారుతుంది.

కానీ ఆ తాళంతో పాటు మీరు ఇంకేం ఇస్తున్నారో తెలుసా? ప్రమాదం జరగకపోయినా, కేవలం పోలీసులకు దొరికినా కోర్టు ముందు నిలబడాల్సింది మీరే. మీ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాకుండా పోవచ్చు. ఇక ప్రమాదమే జరిగితే, ఆ నష్టానికి లెక్క ఉండదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. వీరిలో 9,528 మంది 18 ఏళ్ల లోపు వాళ్లు. అంటే సగటున రోజుకు 26 మంది పిల్లలు. వీళ్లందరూ బండి నడుపుతున్న వాళ్లు కాదు. నడిచి వెళ్తున్న వాళ్లు, వెనక కూర్చున్న వాళ్లు కూడా ఇందులో ఉన్నారు. అదే ఏడాది మొత్తం మృతుల్లో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది.

మరి చట్టం ఏం చెబుతోంది? లైసెన్స్ ఎప్పుడు, ఎలా తీసుకోవాలి? అంతకు ముందు పిల్లలకు ఏం నేర్పించాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎన్నేళ్లకు ఏ బండి నడపొచ్చు?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 4 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. 16 ఏళ్లు నిండినవారు ఇంజిన్ సామర్థ్యం 50 సీసీకి మించని మోటార్ సైకిల్ నడపొచ్చు. దానికి కూడా లైసెన్స్ ఉండాలి. దరఖాస్తుపై తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులు గానీ సంతకం చేయాలి.

‘‘పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా’’ అని చాలామంది అనేది దీని గురించే. ఇప్పుడు షోరూమ్‌లో కనిపించే స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైమాటే. 110, 125 సీసీ బండి గేర్లు లేనిదైనా సరే, 18 ఏళ్లు నిండాల్సిందే. చట్టం చూసేది ఇంజిన్ సామర్థ్యాన్ని. గేర్లు లేనంత మాత్రాన వయసు పరిమితి తగ్గదు.

ఎలక్ట్రిక్ బండ్ల విషయంలోనూ ఇదే గందరగోళం. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించని వాటికే లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకంటే వేగంగా వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్ చట్టం దృష్టిలో మామూలు స్కూటర్ లాంటిదే. నంబర్ ప్లేట్ ఉందంటే లైసెన్స్ కావాలని గుర్తు పెట్టుకోండి.

‘‘మెయిన్ రోడ్డెక్కడు, ఊళ్లోనే తిరుగుతాడు’’ అన్నా కుదరదు. జనం రాకపోకలు సాగించే ఏ దారి అయినా బహిరంగ ప్రదేశమే. మీ వీధి కూడా అందులోకే వస్తుంది.

పిల్లలు దొరికితే శిక్ష ఎవరికి?

2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో చట్టంలోకి సెక్షన్ 199ఏ చేరింది. మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే, సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతారని అది చెబుతోంది. దాని ప్రకారం:

- సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా.
- ఆ వాహనం రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు.
- బండి నడిపిన మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ గానీ, డ్రైవింగ్ లైసెన్స్ గానీ ఇవ్వరు.

మూడో అంశాన్ని ఒకసారి లెక్క వేసి చూడండి. 17 ఏళ్ల వయసులో దొరికిన విద్యార్థి మరో ఎనిమిదేళ్లు ఆగాలి. డిగ్రీ అయిపోతుంది, ఉద్యోగాల వేట మొదలవుతుంది. మార్కెటింగ్, డెలివరీ, ఫీల్డ్ ఉద్యోగాలకు ముందుగా అడిగేది లైసెన్సే. ఒక్క ఏడాది ఆగలేక తీసిన బండి ఎనిమిదేళ్లు ఆపేస్తుంది.

ఇవి కాకుండా, లైసెన్స్ లేకుండా నడిపినందుకు సెక్షన్ 181 కింద, లైసెన్స్ లేనివారికి బండి ఇచ్చినందుకు సెక్షన్ 180 కింద మూడు నెలల వరకు జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ ఉంటాయి. సెక్షన్ 207 కింద పోలీసులు బండిని అక్కడికక్కడే స్వాధీనం చేసుకోవచ్చు.

‘మాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే?

మీకు తెలియకుండా జరిగిందని గానీ, జరగకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని గానీ నిరూపిస్తే సెక్షన్ 199ఏ నుంచి మినహాయింపు ఉంటుంది. అయితే మీ సమ్మతితోనే బండి తీశాడని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం మీదే. తాళం టీవీ పక్కన మేకుకు వేలాడదీసి, ‘‘మాకు తెలియదు’’ అంటే నమ్మించడం కష్టం.

2011లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఇంటికి వచ్చిన మైనర్ తన అనుమతి లేకుండా తాళం తీసుకుని మోటార్ సైకిల్ నడిపాడని యజమాని వాదించారు. బండి దుర్వినియోగం కాకుండా, మైనర్ చేతికి వెళ్లకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదేనని కోర్టు స్పష్టం చేసింది. ప్రమాదంలో చనిపోయిన వ్యక్తి కుటుంబానికి ఇచ్చిన పరిహారాన్ని ఆ యజమాని నుంచే రాబట్టే హక్కు ఇన్సూరెన్స్ కంపెనీకి దక్కింది.

ఇన్సూరెన్స్ ఉంది కదా?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ప్రీమియం కట్టినా, లైసెన్స్ లేని మైనర్ బండి నడిపితే పాలసీ నిబంధన ఉల్లంఘించినట్లే. మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే అవకాశమే ఎక్కువ. ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారాన్ని చాలా కేసుల్లో ముందు ఇన్సూరెన్స్ కంపెనీతో కట్టించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తున్నాయి.

పరిహారం లక్షల్లో ఉంటుంది. చనిపోయిన వ్యక్తి ఇంటికి ఆధారమైతే ఇంకా పెరుగుతుంది. రెండెకరాల పొలం, కట్టుకున్న ఇల్లు ఆ లెక్కలోకి వెళ్లిపోవచ్చు.

అసలు 18 ఏళ్లు అని ఎందుకు పెట్టారు?

పదహారేళ్ల పిల్లల కాళ్లూ చేతులూ పెద్దవాళ్లకంటే చురుగ్గానే ఉంటాయి. బండి అదుపు చేయడం వారంలో నేర్చుకుంటారు. ఎదుట జరగబోయేది ముందే ఊహించడం, తొందరను అణచుకోవడం, ‘‘ఇప్పుడు ఓవర్‌టేక్ వద్దు’’ అని వెనక్కి తగ్గడం మాత్రం అంత తొందరగా రావు. ఈ పనులు చూసే మెదడు ముందు భాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వెనక స్నేహితులు కూర్చుంటే టీనేజర్లు తీసుకునే రిస్క్ పెరుగుతుంది. 16, 17 ఏళ్ల డ్రైవర్ల కారులో తోటి వయసు వాళ్లు ఎంతమంది ఉంటే ప్రాణాంతక ప్రమాదం ముప్పు అంత ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి.

దీనికి వేగం తోడైతే ఏమవుతుందో చిన్న లెక్కతో చూద్దాం. అడ్డంగా ఏదైనా వచ్చినప్పుడు దాన్ని గుర్తించి బ్రేక్ వేయడానికి మనిషికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నాయనుకుంటే:

- 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఆగడానికి సుమారు 25 మీటర్లు కావాలి.
- 60 కిలోమీటర్ల వేగంలో సుమారు 45 మీటర్లు.
- 80 కిలోమీటర్ల వేగంలో దాదాపు 70 మీటర్లు.

వేగం రెట్టింపైతే, బ్రేక్ పడ్డాక బండి వెళ్లే దూరం నాలుగు రెట్లవుతుంది. వాన పడినా, టైర్లు అరిగినా, వెనక ఇద్దరు కూర్చున్నా ఆ దూరం ఇంకా పెరుగుతుంది. 60 వేగంలో మూడు సెకన్లు ఫోన్ చూస్తే, 50 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్లే.

నంద్యాల – ఆళ్లగడ్డ రోడ్డు నేర్పిన పాఠం

ఈ ప్రాంతం మరచిపోలేని ఘటన ఒకటి ఉంది. 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఎన్నికల ప్రచారం ముగించుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తున్న భూమా శోభా నాగిరెడ్డి వాహనం ఆళ్లగడ్డ సమీపంలో బోల్తా పడింది. తీవ్రంగా గాయపడిన ఆమె మర్నాడు హైదరాబాద్‌లో ఆస్పత్రిలో మరణించారు. బ్యాలెట్‌లో ఆమె పేరు అలాగే ఉంది, ఎన్నిక ఆగలేదు. చనిపోయిన తర్వాత ఆమె ఆళ్లగడ్డ ఎమ్మెల్యేగా గెలిచారు.

రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పను తప్పించే క్రమంలో వాహనం అదుపు తప్పిందని, ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి.

ఆ రోజు బండి నడిపింది మైనర్ కాదు. అయినా ఈ ఘటన కొత్త డ్రైవర్లందరికీ పాఠమే. అనుభవం ఉన్న డ్రైవర్‌కే రాత్రి పూట అలాంటి అడ్డంకి ప్రాణాంతకమైతే, నిన్న మొన్న బండి పట్టిన పిల్లల సంగతి ఏమిటి?

మామూలుగా డిమ్ లైటు 40, 50 మీటర్లకు మించి స్పష్టంగా చూపించదు. 80 వేగంలో ఆగడానికి 70 మీటర్లు కావాలని పైన చూశాం. అంటే ఆ వేగంలో వెళ్తే, లైటు వెలుగులో వడ్ల కుప్ప కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. రాత్రి పూట లైటు చూపించినంత దూరంలో ఆగగలిగే వేగంలోనే వెళ్లాలన్నది డ్రైవింగ్‌లో మొదటి సూత్రాల్లో ఒకటి. ఇది పిల్లలకు ఎవరైనా చెప్పారా?

కేసీ కాలువ కింద వరి కోతలు మొదలైతే రోడ్లే కల్లాలవుతాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, సాయంత్రం ఇంటికి మళ్లే గేదెలు, గొర్రెల మందలు, డివైడర్ మధ్య ఖాళీలోంచి ఒక్కసారిగా దూసుకొచ్చే బైకులు, దూరం కలిసొస్తుందని రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలు ఉంటాయి. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్తే నల్లమల ఘాట్ మలుపులు. మన ఊరి డ్రైవింగ్ పాఠంలో ఇవన్నీ ఉండాలి.

డ్రైవింగ్ స్కూల్‌లో చేరిస్తే సరిపోతుందా?

కారు నేర్చుకోవాలంటే లైసెన్స్ ఉన్న స్కూల్‌కే వెళ్లాలి. చేరే ముందు ఇవి అడగండి:

- రవాణా శాఖ ఇచ్చిన లైసెన్స్ గోడకు ఉందా?
- శిక్షణ కారులో బోధకుడి వైపు కూడా బ్రేక్, క్లచ్ ఉన్నాయా?
- కేంద్ర నిబంధనల ప్రకారం సొంత వాహనాల శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు. స్టీరింగ్ పట్టుకుని నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలి. వారం రోజుల ప్యాకేజీలో అన్ని గంటలు వస్తాయా?
- ట్రాఫిక్ గుర్తులు, నిబంధనలు, ప్రథమ చికిత్స మీద తరగతులు ఉంటాయా, లేక మైదానంలో ‘ఎనిమిది’ వేయించి పంపేస్తారా?

2021 జులై నుంచి ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం కూడా వచ్చింది. ఇక్కడ కారు శిక్షణ మొత్తం 29 గంటలు. ఇందులో 8 గంటలు తరగతి, 21 గంటలు ప్రాక్టికల్. ఇక్కడ పాసైనవారికి మళ్లీ రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ టెస్ట్ ఉండదు.

బైక్ సంగతి వేరు. మన దగ్గర బైక్ నేర్పేది చాలావరకు అన్నో, మామో, స్నేహితుడో. వాళ్ల తప్పులే పిల్లలకూ వస్తాయి. వెనక బ్రేక్ ఒక్కటే తొక్కడం, అద్దాలు లోపలికి మడిచేయడం, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకోవడం అలా వచ్చినవే.

ఇక్కడ ఇంకో విషయం. కేవలం తరగతులు చెబితే ప్రమాదాలు తగ్గవు. పాఠశాలల్లో డ్రైవింగ్ పాఠాలు చెప్పిన దేశాల అనుభవాన్ని పరిశోధకులు పరిశీలించారు. పాఠాల వల్ల పిల్లలు ముందుగానే లైసెన్స్ తీసుకుంటున్నారు తప్ప, ప్రమాదాలు తగ్గుతున్నాయనడానికి ఆధారం దొరకలేదు. ఫలితం ఇచ్చింది మరో పద్ధతి: పెద్దవాళ్ల పక్కన చాలాకాలం సాధన, తర్వాత మెట్టు మెట్టుగా స్వేచ్ఛ.

మెట్టు మెట్టుగా అంటే?

న్యూజిలాండ్ 1987లో ఈ పద్ధతి తెచ్చింది. మొదట లెర్నర్, తర్వాత ఆంక్షలతో కూడిన లైసెన్స్, చివరికి పూర్తి లైసెన్స్. మధ్య దశలో రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒంటరిగా నడపకూడదు. అమెరికాలో ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఇది ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 21 ఏళ్ల లోపు కొత్త డ్రైవర్లు నంబర్ ప్లేట్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించుకోవాలి. అర్ధరాత్రి డ్రైవింగ్ మీద, ఎక్కించుకునే మనుషుల సంఖ్య మీద పరిమితులున్నాయి. అక్కడ ఉంటున్న మీ బంధువులను అడగండి, వాళ్ల పిల్లల స్టిక్కర్ గురించి చెబుతారు.

మన చట్టంలో లెర్నర్ దశ తప్ప ఇలాంటి మెట్లు లేవు. కానీ ఇంట్లో పెట్టుకోకుండా ఎవరూ ఆపరు. లైసెన్స్ వచ్చాక ఇలా చేయొచ్చు:

- మొదటి రెండు నెలలు: పగలు మాత్రమే, ఊళ్లోనే, వెనక ఎవరూ కూర్చోకుండా.
- తర్వాతి రెండు నెలలు: సాయంత్రాలు, వాన. వెనక పెద్దవాళ్లు ఒకరు.
- ఆ తర్వాతే హైవే, రాత్రి, స్నేహితులు.
- హెల్మెట్ లేకుండా ఒక్కసారి కనిపించినా తాళం నెల రోజులు మీ దగ్గరే.

మంచి హెల్మెట్ తలకు గాయమయ్యే ముప్పును దాదాపు 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది పెట్టుకున్నా పెట్టుకోనట్లే. హెల్మెట్ లేకపోయినా, ట్రిపుల్ రైడింగ్ చేసినా చట్టంలో రూ.1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌పై వేటు ఉన్నాయి.

లైసెన్స్ ఎలా తీసుకోవాలి?

1. 18 ఏళ్లు నిండాక పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి సేవల్లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని లెర్నర్ లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి. వయసు, చిరునామా పత్రాలు కావాలి.
2. ఒక్కో రకం వాహనానికి లెర్నర్ ఫీజు రూ.150, పరీక్షకు రూ.50. సర్వీస్ ఛార్జీలు అదనం. ట్రాఫిక్ గుర్తులు, నిబంధనల మీద ప్రశ్నలుంటాయి.
3. లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. ఈ సమయంలో బండికి ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ అక్షరం ఉండాలి. కారులో లైసెన్స్ ఉన్న బోధకుడు పక్కన కూర్చోవాలి. బైక్ మీద నేర్పేవారు తప్ప వేరెవరినీ ఎక్కించుకోకూడదు.
4. లెర్నర్ వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్ట్‌కు వెళ్లొచ్చు. టెస్ట్ ఫీజు రూ.300, లైసెన్స్‌కు రూ.200, వీటికి సర్వీస్ ఛార్జీలు కలుస్తాయి.
5. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు.
6. 30 ఏళ్ల లోపు తీసుకున్న సొంత వాహనాల లైసెన్స్ 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది.

‘‘టెస్ట్‌కు రాకపోయినా పని చేసిపెడతాం’’ అనే ఏజెంట్ల మాట నమ్మకండి. టెస్ట్ తప్పించుకున్నంత మాత్రాన రోడ్డు మీద వచ్చే పరీక్షను తప్పించుకోలేం.

ప్రమాదం కళ్లముందు జరిగితే?

ఇది కూడా పిల్లలకు నేర్పాల్సిందే. ముందు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. బాధితులకు సాయం చేసినవారిని సెక్షన్ 134ఏ కాపాడుతుంది. పేరు చెప్పమని గానీ, సాక్షిగా రమ్మని గానీ బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది. తన వల్లే ప్రమాదం జరిగితే పారిపోకుండా ఆగాలని, బాధితుడిని ఆస్పత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత అని కూడా చెప్పండి.

ఇప్పుడు మీరు ఏం చేయొచ్చు?

ఇంట్లో 18 నిండని పిల్లలుంటే తాళం చెవులు వాళ్లకు అందని చోట పెట్టండి. పాల పాకెట్‌కో, ట్యూషన్‌కో ‘‘ఒక్కసారే కదా’’ అని మీరే పంపకండి. మొదటిసారి ఇచ్చేది ఎప్పుడూ ఒక్కసారికే. కాలేజీకి బస్ పాస్ తీయండి. దగ్గరైతే సైకిల్ కొనివ్వండి. వీధిలో నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నా, పరిమితికి మించి ఎక్కించనని ఆటో అతని దగ్గర మాట తీసుకోండి.

ఈలోపు నేర్చుకోవాల్సింది చాలానే ఉంది. ట్రాఫిక్ గుర్తులు ఇప్పుడే చదివించండి. మీరు బండి నడుపుతున్నప్పుడు వెనక కూర్చోబెట్టుకుని, ‘‘ముందున్న ట్రాక్టర్ ఏం చేస్తుందనుకుంటున్నావ్?’’ అని అడగండి. మీరు సిగ్నల్ దగ్గర ఆగుతున్నారా, ఫోన్ వస్తే బండి పక్కకు తీస్తున్నారా అన్నది వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు.

పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే లెర్నర్ లైసెన్స్‌కు దరఖాస్తు చేయండి. అక్కడి నుంచి ముప్పై రోజులు ఆగితే డ్రైవింగ్ టెస్ట్.